అరువు లెక్కకు ట్యాలీప్రైమ్: రాయగడ పైపుల షాపులో నాలుగేళ్ల వాడకం

ఒడిశాలోని రాయగడలో మాది పైపులు, మోటార్ల షాపు. గుణుపురం వైపు చిన్న షాపులకు, రాష్ట్రం దాటి ఆంధ్రలోని పార్వతీపురానికి అరువు మీద సరుకు వేస్తాం. నాన్నగారు ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో రాసేవారు. 2021 ఏప్రిల్ నుంచి నేను ట్యాలీప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. బిల్లు కొట్టడానికి ఏ సాఫ్ట్‌వేరైనా సరిపోతుంది. నాకు అక్కరకొచ్చింది ఇందులోని బిల్లువారీ బాకీ లెక్క, అంటే ఏ బిల్లు మీద ఎంత రావాలో విడివిడిగా చూపడం.

దాని విలువ రెండేళ్లు ఆలస్యంగా తెలిసింది. ఒక మార్చిలో 90 రోజులు దాటిన బాకీల లిస్టు తీసి, గుణుపురంలో నాన్నగారి నాటి ఖాతాదారుకు ఫోన్ చేశాను. "దసరా ముందే ఇచ్చేశాను కదా బాబూ, రసీదు పంపుతానుండు" అన్నారాయన. గొంతులో నొప్పి తెలిసిపోయింది. చూస్తే డబ్బు జమ అయింది, కానీ మా కౌంటర్‌లో దాన్ని ఏ బిల్లుకూ కట్టకుండా 'ఆన్ అకౌంట్' అని వేశాం. ఖాతా మొత్తం సరిగ్గానే ఉంది, పాత బిల్లు మాత్రం తీరనట్టే కనిపిస్తోంది. తప్పు మాదే. మర్నాడే గుణుపురం వెళ్లి క్షమించమని అడిగాను.

అప్పటి నుంచి ప్రతి జమకూ 'ఎగైనెస్ట్ రెఫ్' ఎంచి బిల్లు నంబరు చూపాల్సిందే. ఏ బిల్లుకో చెప్పకుండా గుండుగుత్తగా ఇస్తే పాత బిల్లు నుంచి సర్ది, ఆ వివరం వాట్సాప్‌లో పంపుతాం. పాత ఎంట్రీలు సరిచేయడానికి చాలా రాత్రులు కూర్చున్నాను.

వ్యాపారం పెరిగాక ఈ బిల్లువారీ లెక్క ఇంకా అవసరమైంది. ఒక ఖాతాదారు 2,40,000 బిల్లుకు రెండు రోజుల్లో, రోజుకు 1,20,000 చొప్పున నగదు తెస్తానన్నారు. రోజులు వేరైనా ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు, అదీ తీసుకున్నవాళ్ల మీద. బ్యాంకులో వేయించుకున్నాం. అలాగే కొన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే, తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొనుగోలు మీది పన్నును తాము కట్టే పన్నులో తగ్గించుకున్నది) వడ్డీతో వెనక్కి కట్టాలి. అందుకే నేను 150వ రోజునే గుర్తుచేస్తాను. వాళ్ల మేలు కోసం చేసే ఫోన్ గనక ఎవరూ నొచ్చుకోరు.

2023-24లో మా టర్నోవరు 5 కోట్లు దాటింది. మరుసటి ఏప్రిల్ నుంచి షాపులకు వేసే బిల్లులకు ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరైంది. ఆ పోర్టల్‌లో దాన్ని రద్దు చేయడానికి 24 గంటలే గడువు, ఆ తర్వాత మేము క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) వేస్తాం. ఆ నోట్‌ను కూడా అసలు బిల్లుకే కట్టాలి, లేకపోతే వాపసు వచ్చిన పైపులకూ మనం బాకీ అడుగుతాం. పార్వతీపురం పార్టీకి రాష్ట్రం ఒడిశా అని పడితే రాష్ట్రం దాటే అమ్మకానికి పడాల్సిన ఐజీఎస్టీ బదులు, రాష్ట్రంలోపల అమ్మకానికి పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వచ్చేస్తాయి. కొత్త ఖాతా తెరిచేటప్పుడే జీఎస్టీ నంబరు మొదట్లో 37 (ఆంధ్ర) ఉందా, 21 (ఒడిశా) ఉందా అని నేనే చూస్తాను. ఈ పని ఎవరికీ వదలను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాత బాకీని ఒకే అంకెగా ఎక్కించకండి. బిల్లు నంబరు, తేదీ, గడువుతో విడివిడిగా వేయండి. మేము 30 రోజుల గడువు పెట్టుకున్నాం. గుణుపురం బాబాయ్ గారు ఇప్పుడు డబ్బు వేయగానే బిల్లు నంబరు కూడా పంపుతున్నారు.