ఫీనిక్స్: మూతపడ్డ పార్కు నుంచి వచ్చిన చెక్క రోలర్ కోస్టర్

అమెరికాలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ప్లేలాండ్ పార్కు 1980లో మూతపడింది. అక్కడి ‘రాకెట్’ అనే రోలర్ కోస్టర్‌ను పెన్సిల్వేనియాలోని క్నోబెల్స్ పార్కు కొని, విప్పి, తెచ్చి, 1985లో ఫీనిక్స్ పేరుతో నడిపింది. అసలు నక్షాలు లేవు కాబట్టి చెక్కలకు నంబర్లు వేస్తూ విప్పాల్సి వచ్చింది. నంబరు తారుమారైతే పెద్ద తలనొప్పే!

ఎత్తు 78 అడుగులు, వేగం గంటకు 72 కిలోమీటర్లు. నేటి లెక్కల్లో ఇవి చిన్నవే. కానీ సరదా ఎత్తులో లేదు, గుట్టల వరసలో ఉంది. మొదట చీకటి సొరంగం, తర్వాత ఎక్కుడు. చివరి చిన్న గుట్టల మీద సీటు నుంచి ఒళ్లు లేచిపోతుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ కలిపి ఒడి మీద ఒకటే అడ్డకడ్డీ. పక్కన లావుపాటివారు కూర్చుంటే సన్నవాళ్ల ఒడి మీద ఖాళీ మిగులుతుంది, గాల్లోకి లేచేది వాళ్లే. చివరి పెట్టె ఎక్కండి, దిగుళ్లలో లాగుడు అక్కడే ఎక్కువ. మధ్యలో, చక్రాలకు దూరపు వరసలో కూర్చుంటే కుదుపు తక్కువ.

ప్రవేశం, పార్కింగ్ ఉచితం. ఎక్కిన రైడ్‌కే టికెట్ కొనుక్కోవచ్చు.