హైదరాబాదా, బెంగళూరా, చెన్నైయా? ముందు ఆఫీసు ఏ మూలనో కనుక్కోండి

ఉద్యోగానికి ఏ ఊరు మేలని ఊరి పేర్లు పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏదీ తేలదు. బెంగళూరు చల్లన, చెన్నై ఉక్క, హైదరాబాద్ మనూరు. ఇది తెలియనిది ఎవరికి? పోల్చాల్సింది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ ఉద్యోగాన్నీ, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగాన్నీ, చెన్నై సిరుసేరి ఉద్యోగాన్నీ. ఆఫర్ లెటర్లో ఊరి పేరు మాత్రమే ఉంటే ఒప్పుకునే ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి: ఏ బిల్డింగు, వారానికి ఎన్ని రోజులు రావాలి, ఏ షిఫ్టు, ఆఫీసు క్యాబ్ ఉందా. ఫోన్లో చెప్పిన మాట చేరాక పనికిరాదు కాబట్టి జవాబు కూడా మెయిల్లోనే రావాలి.

రానుపోను

పూటకు ముప్పావు గంట ఎక్కువ పడితే నెలకు 22 పనిదినాల మీద 33 గంటలు. దాదాపు నాలుగు పనిదినాలు రోడ్డు మీదే పోతాయన్నమాట. మూడు ఊళ్లలోనూ మెట్రో ఉంది, కానీ అది మీ ఆఫీసు దాకా వస్తుందా అన్నదే ప్రశ్న.

హైదరాబాద్‌లో నీలం లైను నాగోలు నుంచి రాయదుర్గం దాకా వచ్చి ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట దానికి అవతల. రాయదుర్గంలో దిగాక బస్సో, షేర్ ఆటోనో, క్యాబో వెతుక్కోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు పడే ఇంకో పొరపాటు, మెట్రో పక్కనే కదా అని మియాపూర్‌లోనో కేపీహెచ్‌బీలోనో ఇల్లు తీసుకోవడం. అక్కణ్నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేట దాకా పోయి, రైలు మారి, మళ్లీ పడమరకే తిరిగి రావాలి. జేఎన్‌టీయూ రోడ్డు మీదుగా బస్సో బైకో ఎక్కువసార్లు ముందే చేరుస్తుంది. అదే ఉప్పల్, తార్నాక వైపు ఉన్నవాళ్లకు నీలం లైను దూరమే అయినా రైలు మారే పనిలేదు.

బెంగళూరులో రెండు మూలలకు దారి కుదిరింది. 2023లో పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, 2025 ఆగస్టులో ఎల్లో లైను ఆర్‌వీ రోడ్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా మొదలైంది. ఆఫీసు ఈ రెండు లైన్ల మీద ఉంటే ఇల్లు ఇందిరానగర్‌లోనో, జయనగర్‌లోనో చూసుకున్నా ఇబ్బంది లేదు. సర్జాపూర్ రోడ్డు పక్కన ఆఫీసైతే మెట్రోని లెక్కలోంచి తీసేయండి. అక్కడ ఆఫీసుకు మూడు కిలోమీటర్ల లోపు ఇల్లు తప్ప వేరే మందు లేదు. అన్నట్టు, ఓఆర్‌ఆర్ అన్న మాటతో మోసపోవద్దు. హైదరాబాద్‌లో అది ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే. బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డంటే మారతహళ్లి, బెల్లందూరు ఆఫీసుల మధ్యగా పోయే, సాయంత్రానికి నిండిపోయే రోడ్డు.

చెన్నైకి ఉన్న అసలు బలం మెట్రో కాదు, లోకల్ రైలు. చెన్నై బీచ్ స్టేషన్ నుంచి తాంబరం మీదుగా చెంగల్పట్టు దాకా పోయే లైను వెంట ఎక్కడ ఇల్లు తీసుకున్నా గిండి ఆఫీసులకు చవగ్గా చేరొచ్చు. టైడెల్ పార్క్ అనే ఐటీ సముదాయానికి వేళచ్చేరి వైపు రైలు లైనులో తిరువాన్మియూర్ స్టేషన్ దగ్గర. ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) మీద షోళింగనల్లూరు దాటి సిరుసేరి దాకా వెళ్లాలంటే మాత్రం ఆ లోకల్ లైను అక్కరకు రాదు, ఇల్లూ ఓఎంఆర్ మీదే తీసుకోవాలి.

అడ్వాన్స్

నెలకు 20 వేల అద్దె ఇల్లు అనుకుందాం. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అడ్వాన్స్, అంటే 40 వేలు. బెంగళూరు, చెన్నైలలో పది నెలలు అడగడం పాత ఆనవాయితీ. బేరమాడితే ఐదారుకు దిగుతుంది, అప్పుడూ లక్షకు తగ్గదు. బ్రోకర్ ద్వారా అయితే ఇంకో నెల అద్దె అదనం. మొదటి జీతం రాకముందే ఈ డబ్బు కావాలి. క్రెడిట్ కార్డు మీద కట్టి వడ్డీ మోయడం కన్నా మొదటి రెండు నెలలు పీజీలోనో హాస్టల్లోనో ఉండి, ఆఫీసు వేళల్లో దారి ఎలా ఉందో చూసుకుని ఇల్లు వెతకడం మేలు.

అడ్వాన్స్ తిరిగొచ్చేటప్పుడే గొడవ. బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె పట్టుకోవడం సర్వసాధారణం, అది అగ్రిమెంట్లో ముందే ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టి తర్వాత తగువు పడితే లాభం లేదు. చేరిన రోజే గోడలు, కుళాయిలు, గీజరు వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. అడ్వాన్స్ ఎప్పుడూ బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే ఎందుకంటే, కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. నోటీసు ఒక నెలా రెండు నెలలా, మధ్యలో వెళ్లిపోతే ఏం పోతుంది అన్నవి మాత్రం అందులో స్పష్టంగా ఉండాలి.

బెంగళూరులో గృహజ్యోతి ఉచిత కరెంటు అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. ఆ మీటరుకు పాత అద్దెదారు పేరు తగిలించి ఉంటే ముందు దాన్ని తీయించుకోవాలి.

నీళ్లు, వాన

ఫ్లాట్ చూడటానికి వెళ్లినప్పుడు గదుల కన్నా ముందు వాచ్‌మన్‌ని అడగాల్సింది నీళ్ల సంగతి. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి పైకి తోడుకొస్తే తప్ప బెంగళూరు గొంతు తడవదు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి శివారు అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డాయి. చెన్నైలో 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం రిజర్వాయర్లు నాలుగూ అడుగంటాయి. తెలుగుగంగ కింద మన కండలేరు నీళ్లు వెళ్లేది ఆ పూండికే. హైదరాబాద్‌కు కృష్ణా, గోదావరి రెండూ ఉన్నా పడమటి కొత్త కాలనీలు వేసవిలో ట్యాంకర్లనే నమ్ముకుంటాయి. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ బిల్లు చూపించమనండి. ట్యాంకర్ల ఖర్చు విడిగా వేస్తున్నారో లేదో అందులో తేలిపోతుంది.

చెన్నైలో ఇంకో పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015లోనూ, 2023 మిచాంగ్ తుఫానప్పుడూ వేళచ్చేరి, పళ్లికరణై వైపు నీళ్లు నిలిచాయి. అక్కడ గ్రౌండ్ ఫ్లోర్ వద్దు, బండి సెల్లార్‌లో పెట్టే ఇల్లూ వద్దు.

జీతం, తర్వాతి ఉద్యోగం

హైదరాబాద్‌లో 10 లక్షలు, బెంగళూరులో 11.5 లక్షలు ఇస్తామంటే? 2025-26 నుంచి ఆదాయపు పన్ను కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు కాబట్టి ఆ తేడాలో పన్ను వాటా ఏమీ లేదు. పీఎఫ్ పోగా నెలకు 11 వేల చిల్లర చేతికొస్తుంది, అదీ పెరిగిందంతా ఫిక్స్‌డ్ అయితేనే. వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) కింద చూపిస్తే దాన్ని సున్నాగానే లెక్కేయండి. అద్దెలో తేడా ఆరేడు వేలుంటే మిగిలేది నాలుగైదు వేలే. పన్ను తగ్గించుకోవడానికి అద్దె రసీదులు పాత విధానంలో ఉన్నవాళ్లకే పనికొస్తాయి. వృత్తి పన్ను గురించి బుర్ర పాడుచేసుకోవద్దు, ఎక్కడైనా ఏడాదికి 2,500 దాటదు.

అంత చిన్న తేడాకు ఊరు మారడం దండగ. మారితే తర్వాతి ఉద్యోగం కోసం మారాలి. ఈ కంపెనీ వదిలితే ఇల్లు మారకుండా చేరగలిగేవి ఆ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో జాబ్ పోర్టల్లో ఒక గంట వెతికితే తెలుస్తుంది. స్టార్టప్‌లు, ప్రొడక్ట్ కంపెనీల పని చేసేవాళ్లకు బెంగళూరే. ఆటోమొబైల్, మెకానికల్ వాళ్లకు ఒరగడం, శ్రీపెరుంబుదూరు ఉన్న చెన్నై. ఫార్మా, బయోటెక్ వాళ్లకు జీనోమ్ వ్యాలీ ఉన్న హైదరాబాద్. మామూలు ఐటీ సర్వీసుల ఉద్యోగమైతే మూడింట్లో హైదరాబాద్‌నే ఎంచుకోమంటాం: అడ్వాన్స్ తక్కువ, భాష మనది. బెంగళూరులో కన్నడ బోర్డులు చదవడం తెలుగువాళ్లకు వారం పని, మాట్లాడటం కొన్ని నెలల పని. చెన్నైలో లిపి కూడా కొత్తే.

ఇంటికి వెళ్లొచ్చే దారి

ఇక్కడ సమాధానం మీ సొంతూరును బట్టి తిరగబడుతుంది. హిందూపురం, అనంతపురం వాళ్లకు బెంగళూరు; నెల్లూరు, తిరుపతి వాళ్లకు చెన్నై శనివారం వెళ్లి ఆదివారం రాగల దూరం. విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 275 కిలోమీటర్లు. విశాఖ వాళ్లకు మూడూ దూరమే. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి సంక్రాంతి టిక్కెట్లకు నవంబరు రెండో వారంలో ఉదయం 8 గంటలకు కూర్చోవాలి.

బండి తీసుకెళ్తున్నారా? వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి నడిపితే అక్కడి నంబరు వేయించుకోవాలి. విజయవాడ బండి హైదరాబాద్‌లో తిరిగినా ఇదే రూలు. ముందు పాత ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, లోను ఉంటే బ్యాంకుది కూడా. చలాన్లు బాకీ ఉంటే ఎన్‌వోసీ అక్కడే ఆగుతుంది. కొత్త రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త ఆర్‌సీతో పాత రాష్ట్రంలో మిగిలిన పన్ను వాపసుకు అర్జీ పెట్టుకోవాలి. బండి ఏడెనిమిదేళ్ల పాతదైతే ఈ తిప్పలెందుకు, బయల్దేరే ముందే అమ్మేయండి.