తవుడు మడ్డి డీజిల్: విశాఖలో బాగుంది, లంబసింగి చలిలో జాగ్రత్త

నా పాత పికప్ బండికి రెండేళ్లకు పైగా బయోడీజిల్ కలిపి నడుపుతున్నాను. తవుడు నూనె శుద్ధి చేశాక మిగిలే మడ్డితో చేసింది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలంటోంది, నేను 20 శాతం కలుపుతున్నాను. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే నల్లపొగ బాగా తగ్గింది. ఈ ఇంధనంలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మంట శుభ్రంగా మండుతుంది. అక్కడిదాకా సంతోషమే.

నా కోపమంతా ఇది చలికి గడ్డకట్టడం మీద, అంతకంటే ఎక్కువగా ఆ సంగతి అమ్మేటప్పుడు చెప్పకపోవడం మీద.

డిసెంబరులో పసుపు లోడు కోసం చింతపల్లి వెళ్తూ రాత్రి లంబసింగిలో ఆగాను. తెల్లారి సెల్ఫ్ కొడితే ఇంజన్ ఒక్కసారి అందుకుని ఆగిపోయింది. బ్యాటరీ బాగానే ఉంది. ఫిల్టర్ విప్పితే లోపల చలికాలపు కొబ్బరి నూనెలా తెల్లగా ముద్దకట్టి ఉంది. టీ కొట్టాయన కాచిన నీళ్లిచ్చాడు. ఫిల్టర్‌కి గుడ్డ చుట్టి నీళ్లు పోస్తూ, చేతి పంపు కొడుతూ కూర్చున్నాం. ఎండెక్కేదాకా బండి కదల్లేదు. అవతల వ్యాపారి ఫోన్ మీద ఫోన్, ఒకటే టెన్షన్.

తిరిగొచ్చి సరఫరా చేసేవాళ్లను నిలదీస్తే అప్పుడు చెప్పారు, ఆ విడత సరుకు పామాయిల్ మిల్లు మడ్డిదని. పామాయిల్‌లో సంతృప్త కొవ్వు ఎక్కువ. దాంతో చేసిన బయోడీజిల్ అచ్చంగా ఉంటే 15 డిగ్రీల దగ్గరే మసకబారడం, అంటే గడ్డకట్టే తొలి గుర్తు, మొదలవుతుంది. తవుడు నూనెది ఇంకాస్త చలికి ఓర్చుకుంటుంది. డబ్బా మీద ఆ ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

మైలేజీలో తేడా లేదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. కానీ నిండు లోడుతో ఘాట్ ఎక్కితే కొంచెం తగ్గుతోంది. ట్యాంకులో ఏళ్లనాటి మురికిని కరిగించి తెస్తుంది కాబట్టి తొలి నెలల్లో ఫిల్టర్లు తరచూ మార్చాలి, పాత రబ్బరు గొట్టాలూ చూసుకోవాలి. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లవాళ్లు కంపెనీ ఎంత శాతం ఒప్పుకుంటుందో చూడకుండా పోయొద్దు.

గాజువాక, పోర్టు, అనకాపల్లి మధ్య తిరిగే పాత బండికైతే ధైర్యంగా వాడమంటాను. నా కిరాయిల్లో సగం ఏజెన్సీ కొండ ప్రాంతానివి, అందుకే డిసెంబరు, జనవరిలో మామూలు డీజిలే. అటూ ఇటూ నెలల్లో ప్రతి విడత నుంచీ కొంచెం గాజు సీసాలో పట్టి, మూత బిగించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పొద్దుటికి అడుగున తెల్లగా పేరుకుంటే ఆ డబ్బా వెనక్కే.