నీలం పేస్టు అయిపోయిన రాత్రి

రెండు ద్రవాలు కలిపి అచ్చులో పోస్తే గట్టిపడే ఎపాక్సీ రెసిన్‌లో రెండేళ్లుగా నీలం పిగ్మెంట్ పేస్టే (చిక్కటి రంగు ముద్ద) వాడుతున్నా, దాని విలువ తెలిసింది మాత్రం అది అయిపోయిన రాత్రే.

పోయిన ఆగస్టులో మా పిన్నిగారింటి గృహప్రవేశానికి 12 కోస్టర్లు (గ్లాసుల కింద పెట్టే బిళ్లలు) ఒప్పుకున్నాను. మన విశాఖ ఆర్కే బీచ్‌లో మబ్బు పట్టినప్పుడు కనిపించే ముదురు నీలం కావాలన్నారు. 8 పోసేసరికి పేస్టు సీసా అడుగంటింది. రాత్రి పదిన్నర. మా అమ్మాయి డ్రాయింగ్ డబ్బాలో అక్రిలిక్ నీలం ట్యూబు కనిపించింది. రంగు రంగే కదా అనుకున్నాను. రెండు చుక్కలకు లేతగా ఉందని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ సగం ట్యూబు పిండాను. కలుపుతుండగానే పెరుగులా చిక్కబడింది. అయినా పోశాను.

మర్నాడు రాత్రి అచ్చుల్లోంచి తీస్తే పేస్టు వేసినవన్నీ గాజు బిళ్లల్లా ఠంగుమన్నాయి. మిగిలిన నాలుగూ రబ్బరు. నొక్కి చూస్తే నా బొటనవేలి ముద్ర గీతలతో సహా దిగింది. మూడు రోజులు ఆగినా అంతే. అక్రిలిక్ రంగులో ఉండేది నీళ్లు. ఎపాక్సీ గట్టిపడకుండా అవే అడ్డుపడతాయి. అసలు ఏ రంగైనా 100 గ్రాముల మిశ్రమానికి 5-6 గ్రాములు దాటకూడదు. నేను పిండింది తూచలేదు, తూచే ధైర్యమూ లేదు. పేస్టయితే అగ్గిపుల్ల మొనతో రెండుసార్లు తీసినంత చాలు.

మైకా పొడిలా (మెరిసే ఖనిజపు పొడి) ఈ పేస్టు అడుగుకు దిగదని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. కోస్టరులో దిగదు, నిజమే. నాలుగు నెలలు కదపని సీసాలో మాత్రం పైన నూనె తేలి, కింద ముద్ద కట్టింది. పుల్లతో అడుగుదాకా కలపకపోతే వచ్చేది వెలిసిన నీలమే. కిటికీ దగ్గర పెట్టిన ట్రే ఏడాదికి ఆకుపచ్చ వైపు తిరిగింది కూడా. ఆ తప్పు పేస్టుది కాదనుకుంటాను. ఎండకు రెసిన్ పసుపెక్కుతుంది, నీలం మీద పసుపు పడితే ఇంకేమవుతుంది?

మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రపు గాలికి ఎదురుగా. వానాకాలంలో ఏ రంగు వేసినా పైన జిడ్డుగా తెల్లపొర వస్తుంది, సబ్బునీళ్లతో కడుగుతాను. గాలి పొడిగా ఉండే ఊళ్లలో ఎలా ఉంటుందో వాళ్లే చెప్పాలి. నెలకు రెండు మూడు ఆర్డర్లు ఉన్నాయి కాబట్టి నాకు పేస్టు ధర గిట్టుతోంది. సరదాగా ఒకటీ అరా చేసేవాళ్లయితే అక్రిలిక్‌తోనే కానివ్వొచ్చు, చుక్క దగ్గర ఆగగలిగితే.

ఆ నాలుగు కోస్టర్లూ పారేయలేదు. కుట్టుమిషను కాళ్ల కింద పెట్టాను. ఇప్పుడు అది కదలడం లేదు.