హాల్లో టీవీకి ఏ కంప్యూటర్? మినీ పీసీ, పాత ఆఫీసు డెస్క్‌టాప్, కొత్త బిల్డ్: ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం వైపు టీవీకి కంప్యూటర్ తగిలించాలనుకునేవాళ్లు ముందు ప్రాసెసర్ గురించి అడుగుతారు. అడగాల్సింది వేరే ఉంది. టీవీ 4కెనా, ఫుల్ హెచ్‌డీనా? ఇంట్లో సొంత వీడియోలు ఉన్నాయా, చూసేదంతా ఓటీటీయేనా? ఈ రెండూ తేలితే సగం బేరం అయిపోయినట్టే.

ఓటీటీ ఒక్కటే చూసే ఇంటికి కంప్యూటర్ దండగ. విండోస్‌లో నెట్‌ఫ్లిక్స్ 4కెలో రావాలంటే ఎడ్జ్ బ్రౌజరో, వాళ్ల యాపో ఉండాలి. గ్రాఫిక్స్ నుంచి టీవీ దాకా అన్నీ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతికి ఒప్పుకోవాలి. లైనక్స్‌లో ఆ ఆశే వద్దు. అదే పని టీవీ స్టిక్ చడీచప్పుడు లేకుండా చేసిపెడుతుంది. పెళ్లి డీవీడీలు, ఫోన్లలో పేరుకుపోయిన వీడియోలు, డిస్కులో దాచుకున్న సినిమాలు ఉన్న ఇంట్లోనే కంప్యూటర్‌కి పని. పైగా మనది తుఫాన్ల దారి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటే లేదు. అలాంటప్పుడు కరెంటు ముందొచ్చినా, నెట్ వచ్చేదాకా స్టిక్ ఎందుకూ పనికిరాదు.

4కె టీవీ అయితే ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ మేలు. ఈ చిప్ 6 వాట్లది. 10 బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 అనే వీడియో కుదింపు పద్ధతులు మూడింటినీ హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. వీడియోలు ఆడించే కోడి సాఫ్ట్‌వేర్ మాత్రమే నడపాలంటే 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. పిల్లలు బ్రౌజర్ కూడా వాడతారంటే 16 జీబీ తీసుకోండి. దీన్ని ఎక్కువగా చంపేది ఎడాప్టరే. చాలావాటికి 12 వోల్టులదే వస్తుంది. అది పోయినప్పుడు పిన్ను సరిపోయిందని 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ గుచ్చితే బోర్డు అక్కడికక్కడే పోవచ్చు. ఎడాప్టర్ మీది అంకెలు ముందే ఫోటో తీసి పెట్టుకోండి. బోర్డు పోతే స్థానిక మెకానిక్ దగ్గర స్పేర్ దొరకదు, మొత్తం పెట్టెనే పంపాలి. అందుకే వారంటీకి ఎక్కడికి పంపాలో కొనేటప్పుడే అడగండి.

ఇంకో తలనొప్పి: టీవీ వెనక యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కనే వైర్‌లెస్ కీబోర్డ్ డాంగిల్ పెడితే కీలు పడవు, మౌస్ తడబడుతుంది. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడటమే కారణం. కీబోర్డ్‌లో బ్యాటరీ సెల్ మార్చి లాభం లేదు. మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని టీవీ ముందుకి తెస్తే సరిపోతుంది. కంప్యూటర్లలో హెచ్‌డీఎంఐ సీఈసీ మామూలుగా ఉండదు, టీవీ రిమోట్‌తో ఇవి నడవవు. అమ్మమ్మకీ తాతయ్యకీ ఆరేడు బటన్ల యూఎస్‌బీ రిమోట్ ఒకటి విడిగా కొనాల్సిందే.

ఫుల్ హెచ్‌డీ టీవీకి మాత్రం నా ఓటు పాత ఆఫీసు డెస్క్‌టాప్‌కే, ఐ5-8500 లాంటి ఎనిమిదో తరానిది. ఆరు కోర్లు, లోపలే 3.5 అంగుళాల డిస్కుకి చోటు, చాలావాటిలో డీవీడీ డ్రైవ్ కూడా. ఆరో తరం చవగ్గా ఇస్తామంటారు, ఒప్పుకోకండి. అది 10 బిట్ హెచ్‌ఈవీసీ దగ్గర చతికిలబడుతుంది, విండోస్ 11కీ పనికిరాదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

దీన్నే 4కె టీవీకి పెడితే చిక్కు వెనక పోర్టులో ఉంటుంది. హెచ్‌డీఎంఐ ఉన్నా అది సాధారణంగా 1.4 రకం, 4కెలో సెకనుకి 30 ఫ్రేములే. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ 2.0కి మార్చే యాక్టివ్ ఎడాప్టర్ కావాలి, పాసివ్‌ది కొంటే డబ్బులు బూడిదలో పోసినట్టే. ఏవీ1 హార్డ్‌వేర్‌లో లేదు కాబట్టి యూట్యూబ్ 4కె పెడితే ఫ్యాన్ హోరెత్తుతుంది. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో ఏవీ1ని మాత్రం ఆపితే వీపీ9 వచ్చి నెమ్మదిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై) కూడా చూసుకోవాలి. ఆఫీసు చిన్న కేసుల్లో దాని సైజు, కనెక్టరు కంపెనీ సొంతం, బజార్లో దొరికే మామూలు ఏటీఎక్స్ రకం పట్టదు. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు మసకబారి తెర నల్లగా ఉండిపోతుంది. కరెంటు తీసేసి, పెన్సిల్ రబ్బరుతో ఆ బంగారు రంగు పట్టీని మెల్లగా రుద్ది మళ్లీ బిగిస్తే చాలాసార్లు లేస్తుంది.

కొత్త బిల్డ్, అంటే విడిభాగాలు కొని బిగించుకునేది, ఎప్పుడంటే, పిల్లలు గేములు ఆడతామని ఇప్పుడే గొడవ చేస్తున్నప్పుడు. ఐ3-12100 ప్రాసెసర్‌లో ఏవీ1 ఉంది, రైజెన్ 5 5600జీలో లేదు. కొన్ని చవక హెచ్610 మదర్‌బోర్డుల్లోనూ హెచ్‌డీఎంఐ 1.4యే ఇస్తారు, పెట్టె మీద చదివి కొనండి. ఏ ముక్క పోయినా ఆ ముక్కే మార్చుకోవచ్చు, అదొక్కటే దీని బలం. సినిమాలకి మాత్రమే అయితే నేనైతే ఇంత పెట్టను.

ఏది కొన్నా కోడిలో ఒక సెట్టింగ్ మార్చాలి. ప్లేయర్, వీడియోస్‌లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్‌ని ఆన్ స్టార్ట్/స్టాప్‌కి పెట్టండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన పెళ్లి డీవీడీలు 25. టీవీ 60 దగ్గరే నిలిచిపోతే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. పెళ్లి డీవీడీల్లో చాలావరకు 576 ఇంటర్‌లేస్డ్, అంటే బొమ్మ గీత విడిచి గీతగా రెండు విడతల్లో వస్తుంది. తలంబ్రాలు పోసే చోట చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తే డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో డిస్కునీ ఒకే ఫైలుగా తీస్తే నాణ్యత తగ్గదు. ఒక్కోటి మామూలుగా 4.7 జీబీ మించదు కాబట్టి రెండో కాపీ ఇంకో డిస్కులో ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

మినీ పీసీకి కరెంటు బిల్లు కలిసొస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. దానికీ ఆఫీసు డెస్క్‌టాప్‌కీ తేడా 20 వాట్లనుకున్నా, రోజుకి నాలుగు గంటల లెక్కన నెలకి రెండున్నర యూనిట్లు కూడా కాదు. తేడా తెలిసేది ఇన్వర్టర్ మీద. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆఫీసు ఎస్‌ఎంపీఎస్ గుయ్యిమంటుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. ప్యూర్ సైన్ వేవ్ కావాలి, స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. లో వోల్టేజీ ఊళ్లలో ఆ మోడ్ దాదాపు 180 వోల్టుల కిందకి రాగానే బ్యాటరీకి మారిపోయి, సాయంత్రానికి బ్యాటరీ అడుగంటుతుంది. అక్కడ ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్ నుంచి మార్చేసి, టీవీకీ కంప్యూటర్‌కీ విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి. దానికన్నా ముందు ఎర్త్ చూపించండి. కేసు ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఆ ప్లగ్గుకి ఎర్త్ లేనట్టే.