ఆటోమేటిక్ బండిని మాన్యువల్‌గా మారుస్తానని ప్రకటన పెట్టినతనితో జాగ్రత్త. ఆ ఫొటోలో బండి నాదే

అతను మళ్ళీ ప్రకటన పెట్టాడు. "ఆటోమేటిక్ నుంచి మాన్యువల్, అచ్చం కంపెనీ ఫిట్టింగ్, ఒక్క వైరు కూడా కట్ చేయం" అట. కింద ఫొటోలో మూడు పెడల్స్ మెరిసిపోతున్నాయి చూశారా, ఆ బండి నాది. నంబర్ కనపడకుండా జాగ్రత్తపడ్డాడు గానీ డ్రైవర్ సీటు అంచున ఉన్న ఆ చిరుగుని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఎవరి సంగతి చెబుతున్నానో ఈ పనులు చేయించుకునే వాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, పేరు రాయను. ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను కాబట్టి ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకోండి.

కథంతా చెప్పను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ శుభ్రంగా పనిచేస్తున్న బండి. నాకేమో క్లచ్ తొక్కుతూ గేర్లు మార్చుకుంటూ నడపాలని సరదా. అదే మోడల్‌లో మాన్యువల్ బండి కొనుక్కో, ఇలా మార్పించడం కంటే తక్కువలో పోతుంది అని తెలిసిన ప్రతివాడూ చెప్పాడు, వింటేగా నేను. ఇతనేమో, గుద్దుకుని పోయిన బండిలోంచి తీసిన పూర్తి సెట్టు ఉంది, గేర్‌బాక్సు, ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, పెడల్ బ్రాకెట్టు, క్లచ్ సిలిండర్లు రెండూ, గేర్ కేబుల్స్, డ్రైవ్ షాఫ్టులతో సహా అన్నీ నావే, కంప్యూటర్ పని కూడా నాదే అన్నాడు. పైగా నా పాత గేర్‌బాక్సు, టార్క్ కన్వర్టరు (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) ఎక్స్ఛేంజ్ కింద తీసుకుని ఆ మేరకు తగ్గిస్తానన్నాడు. ఎంత దయ! అది ఇచ్చేశాక వెనక్కి వెళ్ళే దారి ఉండదని నాకు తట్టలేదు, అతనికి మాత్రం బాగానే తట్టినట్టుంది.

బండి చేతికొచ్చిన రోజే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. "కొత్త గేర్‌బాక్స్ కదన్నా, కంప్యూటర్‌కి అలవాటవ్వాలి, దానంతటదే పోతుంది" అన్నాడు. స్కానర్ పెట్టి చూస్తే యు0101 కోడ్. అంటే గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌తో మాటలు తెగిపోయాయని. తెగకేం చేస్తాయి, ఆ యూనిట్ పీకి పక్కన పడేశారు కదా. ఇంజిన్ కంప్యూటర్ మాత్రం ఇంకా ఆటోమేటిక్ బండిలోనే ఉన్నాననుకుని దానికోసం వెతుకుతోంది. దానికి మాన్యువల్ ప్రోగ్రాం ఎక్కించాలి, అలా కుదరని మోడల్ అయితే మాన్యువల్ బండి కంప్యూటరే తెచ్చి ఇమ్మొబిలైజర్‌కీ (వేరే తాళంతో బండి స్టార్ట్ కానివ్వనిది) తాళానికీ జత కలపాలి. అతను చూసుకుంటానన్న కంప్యూటర్ పని అంటే బహుశా దాన్ని కళ్ళతో చూసుకోవడం అయ్యుంటుంది.

రివర్స్ లైటు వెలగదు. తాళం బయటికి రాదు. ఆటోమేటిక్‌లో లివర్ పార్క్‌లో ఉంటే తప్ప తాళం రానివ్వని లాక్ ఒకటి ఉంటుంది, ఇప్పుడు పార్క్ అనేదే లేదు కాబట్టి అది రానివ్వడం మానేసింది. ఫోన్ చేస్తే "వదిలెయ్యండన్నా, మాన్యువల్ బండిని ఎవడెత్తుకెళ్తాడు" అని జోకు. నేను కూడా నవ్వాను, అదే ఇప్పుడు మండుతోంది.

ఇవన్నీ చిన్నవి. అసలు సంగతి ఇది.

కాస్త వాలుగా ఉన్న చోట బండి ఆపి, మాన్యువల్ కాబట్టి మొదటి గేర్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి వెళ్ళాను. పొద్దున వచ్చి, తలుపు తీసి, బయట నిలబడే చెయ్యి లోపలికి పెట్టి సెల్ఫ్ కొట్టాను, ఇంజిన్ వేడెక్కుతుందని. ఆటోమేటిక్‌లో ఎన్నేళ్ళుగానో ఉన్న అలవాటు, పార్క్‌లో ఉన్న బండి ఎటూ కదలదు. ఈ బండి కదిలింది. కదలడం కాదు, దూకింది, ఇంజిన్ అందుకుని హ్యాండ్‌బ్రేక్‌ని కూడా లాక్కుంటూ వెళ్ళి ముందున్న గోడకి కొట్టుకుని ఆగింది. పోతూ పోతూ నా తొడకి తగిలి నన్ను పక్కకి పడేసింది. తొడ మీద మచ్చ ఇప్పటికీ నల్లగానే ఉంది. బంపర్ పోయింది, పోతే పోయింది, ముందు గోడ ఉంది కాబట్టి సరిపోయింది, అక్కడ మనిషి ఉంటే?

అక్కడి నుంచే ఫోన్ చేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. నేను చెప్పిందంతా విని అతను అన్న మొదటి మాట ఇది.

"గేర్‌లో పెట్టి సెల్ఫ్ కొడితే దూకదా మరి? క్లచ్ తొక్కాలని తెలీదా?"

క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ అందుకునేలా స్విచ్ ఉండాలి కదా అన్నాను.

"అవన్నీ కంపెనీ వాళ్ళ వేషాలు. మాన్యువల్ నడపడం రానివాళ్ళు మాన్యువల్ ఎందుకు పెట్టించుకోవడం?"

వెనకాల ఎవరో నవ్వడం వినిపించింది. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడన్నమాట. డబ్బు చేతిలో పడేదాకా మాటకి ముందొక అన్నా, మాటకి వెనకొక అన్నా. ఇప్పుడు అన్నా లేదు, సార్ లేదు, దెబ్బ తగిలిందా అన్న మాట కూడా లేదు. సరే, ఇదంతా తీసేసి నా పాత గేర్‌బాక్స్ నాకు పెట్టెయ్ అన్నాను. "అది ఎప్పుడో అమ్ముడైపోయింది" అని పెట్టేశాడు. బండి ఇంకా అతని షెడ్డులో ఉండగానే దాన్ని ఎవరికో అమ్మేసి ఉంటాడని నా అనుమానం.

అన్యాయంగా మాట్లాడను. పాత మాన్యువల్ బండ్లలో చాలావాటికి ఈ స్విచ్ ఉండదు, క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తిరుగుతుంది, నిజమే. కానీ ఈ మోడల్ మాన్యువల్‌కి కంపెనీయే ఇచ్చింది. వేరే మెకానిక్ పెడల్స్ కింద టార్చి వేసి చూపించాడు. ఆ ప్రకటన పెట్టినతను తెచ్చి బిగించిన పెడల్ బ్రాకెట్టు మీద ఆ స్విచ్ ఉంది. క్లచ్ తొక్కితే టిక్కుమంటోంది కూడా. దాని సాకెట్ ఖాళీ, లోపల దుమ్ము. దానికి వైరే రాలేదు.

మరి సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? ఆటోమేటిక్‌లో సెల్ఫ్‌కి వెళ్ళే కరెంటు గేర్‌బాక్స్ మీదున్న పార్క్-న్యూట్రల్ స్విచ్ గుండా పోతుంది. గేర్‌బాక్స్‌తో పాటు ఆ స్విచ్ కూడా పోతే దారి తెగిపోయి బండి స్టార్టే కాదు. ఆ తెగిన దారిని క్లచ్ స్విచ్ గుండా తిప్పి కలపాలి, చేయడం వచ్చిన వాడికి ఇదేమంత పెద్ద పని కాదు. ఇతనేం చేశాడంటే, పాత సాకెట్ కోసేసి ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. టేపు అంచు అప్పుడే ఊడి వేలాడుతోంది. ఒక్క వైరు కూడా కట్ చేయం! నిజమే, కోసింది రెండు.

అనుమానం వచ్చి గేర్‌బాక్స్ దింపించాను. ఆటోమేటిక్‌లో ఇంజిన్ వెనక ఉండేది ఫ్లెక్స్ ప్లేటు, పల్చటి రేకు, దాని బోల్టులు పొట్టివి. మాన్యువల్‌కి అక్కడ మందపాటి ఫ్లైవీలు వస్తుంది, కాబట్టి పొడుగు బోల్టులు వేయాలి. ఇతను ఆ పాత పొట్టి బోల్టులతోనే ఫ్లైవీలు బిగించేశాడు. మెకానిక్ ఒకటి తీసి అసలు పొడుగు దాని పక్కన నా అరచేతిలో పెట్టాడు. చివర నాలుగు మరలు మాత్రమే అరిగి మెరుస్తున్నాయి, అంటే పట్టింది అంతే. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇనప చక్రం, అదీ నా కాళ్ళకి ఇంత దూరంలో! మెకానిక్ ఏమీ అనలేదు, ఎన్నాళ్ళు నడిపావు అని మాత్రం అడిగాడు.

ఫొటోలు పంపితే "బోల్టులు మీ మెకానిక్ మార్చి ఉంటాడు" అని ఒక మెసేజ్, ఆ తర్వాత బ్లాక్. ఇవాళేమో నా బండి ఫొటోతో కొత్త గిరాకీ కోసం ప్రకటన.

ఇంకా ఈ పని చేయించుకుంటామంటే మీ ఇష్టం, నాలాగా మొండివాళ్ళకి చెప్పినా వినరు. పని మొత్తం అయ్యేదాకా పాత గేర్‌బాక్స్, పాత కంప్యూటర్ ఎవరికీ ఇవ్వకండి. మిగతా డబ్బు ఇచ్చే ముందు మీ సొంత స్కానర్ పెట్టి చూసుకోండి, రివర్స్ లైటు చూడండి, తాళం వస్తోందో లేదో చూడండి. ఫ్లైవీలు బోల్టులు కొత్తవి కొని మీ కళ్ళ ముందే వేయించండి. బండి మార్చినట్టు ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి, చెప్పకపోతే రేపు ఏదైనా అయినప్పుడు వాళ్ళు చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు. క్లచ్ స్విచ్ సంగతి తేలాలంటే, ముందూ వెనకా ఖాళీగా ఉన్న చోట, సీట్లో కూర్చుని, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ తొక్కిపట్టి, క్లచ్ ముట్టకుండా సెల్ఫ్ కొట్టండి. ఈ స్విచ్ ఉండే మోడల్‌లో అలా సెల్ఫ్ తిరిగిందంటే తాళం అక్కడే పని చేసినవాడి చేతికిచ్చి, వైర్లు సరిగ్గా కలిపేదాకా పైసా ఇవ్వకండి.