ఇంటిపేరు ముందా, వెనకా? మూడు రకాల ఐటీ పాలన కింద 12 ఏళ్లు

మాది పర్లాకిమిడి. ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని ఒక విశ్వవిద్యాలయంలో, పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. ఐటీ వాణ్ణి కాదు. కానీ కంప్యూటర్ల గురించి పైన ఎవరేం నిర్ణయించినా చివరికి జనం వచ్చి అడిగేది మా కౌంటర్ దగ్గరే.

నేను చేరినప్పుడు ఎవరి శాఖకు వాళ్లే రాజులు. సామంత పద్ధతి అంటారట దీన్ని. ఏది కావాలన్నా వారంలో కొనేసుకోవచ్చు, హాయిగా ఉండేది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు ఒక శాఖ సర్వర్ తడిసింది. బ్యాకప్ ఏదని అడిగితే అదీ ఆ గదిలోనే తడుస్తోంది.

దాంతో పెత్తనమంతా ఐటీ సెల్‌కు, అంటే విశ్వవిద్యాలయం కంప్యూటర్ల విభాగానికి ఇచ్చేశారు. నెట్‌వర్క్, బ్యాకప్ బాగుపడ్డాయి, కాదనను. కానీ వాళ్లు తెచ్చిన అడ్మిషన్ ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు. ఒడియా పిల్లలకు ఇంటిపేరు చివర వస్తుంది, మన పిల్లలకు ముందుంటుంది. ఒక్కో క్లర్కు ఒక్కోలా నింపాడు. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను ఆన్‌లైన్ ఖాతాలో దాచే పద్ధతి) నిబంధనలు వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది: ఆధార్‌లో ఒక పేరు, మార్కుల జాబితాలో ఇంకో పేరు. "సార్, మా ఇంటిపేరుతో పిలుస్తున్నారు నన్ను" అని ఒక అమ్మాయి వాపోయింది. సరిచేయమంటే ఐటీ సెల్ "డేటా మీది" అంది. మేము "సాఫ్ట్‌వేర్ మీది" అన్నాం.

మూడేళ్లుగా సమాఖ్య పద్ధతి నడుస్తోంది, అంటే అందరూ కలిసి ఒక కమిటీలో నిర్ణయించడం. అందులో రిజిస్ట్రార్, ఫైనాన్స్, ఐటీ సెల్, లైబ్రరీ, రెండు శాఖలు, మేము. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఏ శాఖది ఆ శాఖ ఇష్టం. అందరూ వాడేది మాత్రం కమిటీ తేలుస్తుంది. నాకు నచ్చింది కమిటీ కాదు, అది తయారుచేసిన ఒక్క పేజీ కాగితం: ఏ విషయంలో మాట ఎవరిది, అమలు ఎవరిది. పేరు ఎలా రాయాలో మేము చెబుతాం, ఐటీ సెల్ చేస్తుంది. ఇప్పుడు ఫారంలో ఒకే గడి, ఆధార్‌లో ఉన్నట్టే.

లోపాలా, ఉన్నాయి. మొదటి ఏడాది మీటింగులన్నీ వైఫై ఫిర్యాదులకే సరిపోయాయి. ఐటీ పాలన మీద 2008లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 38500. పాలన (ఏం చేయాలో తేల్చడం) వేరు, నిర్వహణ (రోజూ నడిపించడం) వేరు అంటుంది అది. అది ఎవరో గుర్తుచేశాక రోజువారీ పనులు ఐటీ సెల్‌కు వదిలేశారు. కొనుగోళ్లు ఇప్పటికీ నత్తనడకే, ప్రింటర్ కోసం రెండు మీటింగులు ఆగాం. చిన్న కాలేజీకైతే ఇంత హంగామా అక్కర్లేదు, ఆ ఒక్క పేజీ చాలు.

కమిటీలో విద్యార్థి మాత్రం ఇంకా లేడు. ఐటీ సెల్ ఆ ఫారం తెచ్చినప్పుడే ఒక విద్యార్థిని అడిగుంటే ఇంటిపేరు సంగతి మాకు మొదటి నెలలోనే తెలిసేది.